విశాఖ నుంచి ఎయిర్ కార్గోకి ఖాయమైన స్పేస్ ఎలా సంపాదించాలి?

“బుకింగ్ కన్ఫర్మ్ అన్నారు. బండి టెర్మినల్‌కి చేరింది. కస్టమ్స్ పని కూడా అయిపోయింది. అయినా సరుకు విమానం ఎక్కలేదు. ఇప్పుడేం చేయాలి?”

విశాఖలో ఫార్వార్డింగ్, అంటే ఇతరుల సరుకును విమానాల్లో పంపించే పని, మొదలుపెట్టినవాళ్ళు మళ్ళీ మళ్ళీ అడిగేది ఇదే. పరవాడ ఫార్మాసిటీ నుంచి మందుల ముడిసరుకు పంపేవాళ్ళు అడుగుతారు, అచ్యుతాపురం నుంచి బట్టలు పంపేవాళ్ళు అడుగుతారు. బతికున్న పీతలు పంపేవాళ్ళైతే ఇంకా కంగారుగా అడుగుతారు. వాళ్ళ సరుకు రేపటి విమానం దాకా ఆగదు మరి.

సరుకు ఆగిపోయాక చేయగలిగింది తక్కువ. అందుకే ఈ వ్యాసంలో ఎక్కువ భాగం బుకింగ్‌కి ముందు చేయాల్సిన పనుల గురించే ఉంటుంది. మీరు చెప్పిన బరువు, చెప్పిన కొలతలు, చెప్పిన రోజు ప్రతి వారం నిజమవుతుంటే ఎయిర్‌లైన్ డెస్క్‌లో మీ పేరుకి విలువ వస్తుంది. స్పేస్ తక్కువైన రోజున ఎవరి సరుకు దించాలన్నది ఆ విలువను బట్టే తేలుతుంది.

విశాఖ సంగతి రెండు ముక్కల్లో

మన విమానాశ్రయం నేవీకి చెందిన ఐఎన్‌ఎస్ డేగాలో ఉంది. పౌర విమానాల వేళలు నేవీ అవసరాలకు లోబడే ఉంటాయి. ఇక్కడి నుంచి సింగపూర్‌కి స్కూట్ నడిపేలాంటి అంతర్జాతీయ సర్వీసులు నారోబాడీవి, అంటే మధ్యలో ఒకే నడవ ఉన్న చిన్న విమానాలు. వాటి పొట్టలో ముందు ప్రయాణికుల సామాను పడాలి, ఆ తర్వాత మిగిలిన చోటే మన సరుకుది. పెద్ద విమానాలు (వైడ్‌బాడీలు), సరుకు మాత్రమే మోసే ఫ్రైటర్లు కావాలంటే శంషాబాద్‌కో చెన్నైకో బెంగళూరుకో బండి ఎక్కించాల్సిందే. కాబట్టి విశాఖ ఫార్వార్డర్‌కి రోడ్డు కూడా స్పేస్ ప్లాన్‌లో భాగమే.

భోగాపురంలో అల్లూరి సీతారామరాజు పేరుతో జీఎంఆర్ చేపట్టిన విమానాశ్రయం నగరానికి ఈశాన్యాన ఉంది. పరవాడ, దువ్వాడ, అచ్యుతాపురం నైరుతిన ఉన్నాయి. భోగాపురం నుంచి సరుకు పంపే రోజున మీ బండి నగరాన్ని దాటి వెళ్ళాలి, లేదంటే అనకాపల్లి, పెందుర్తి, ఆనందపురం మీదుగా ఉన్న బైపాస్ పట్టాలి. పాత టైమింగ్‌లను అలాగే వాడితే కట్-ఆఫ్ (అప్పగింత గడువు) తప్పుతుంది. ఈ మార్పును ఇప్పుడే మీ లెక్కల్లో వేరే వరుసగా రాసి పెట్టుకోండి.

ముందుగా సిద్ధం చేసుకోవలసినవి

- గత ఆరు నెలల్లో మీరు పంపిన సరుకు జాబితా: ఏ దేశానికి, ఏ రోజున, ఎన్ని పీసులు, ఎన్ని కేజీలు, ఎంత వాల్యూమ్
- ప్రతి షిప్పర్ (సరుకు పంపే కంపెనీ) కార్టన్, డ్రమ్, థర్మాకోల్ పెట్టెల అసలు కొలతలు. ప్యాకింగ్ లిస్టులో రాసినవి చాలవు, టేపు పెట్టి కొలిచినవి కావాలి
- ఐయాటా (అంతర్జాతీయ ఎయిర్‌లైన్ల సంఘం) ఏజెన్సీ, ఎయిర్‌లైన్లకి చెల్లింపులు జరిపే క్యాస్ ఖాతా. ఇవి లేకపోతే, ఉన్నవాళ్ళతో కో-లోడింగ్ (మన సరుకును వాళ్ళ సరుకుతో కలిపి పంపే) ఒప్పందం
- విశాఖలో ఒక కస్టమ్స్ బ్రోకర్, హైదరాబాద్‌లో ఇంకొకరు
- షిప్పర్ ఏడీ కోడ్ (ఎగుమతి కోసం బ్యాంకు ఇచ్చే కోడ్) ఏయే కస్టమ్స్ లొకేషన్లలో కస్టమ్స్ పోర్టల్ ఐస్‌గేట్‌లో రిజిస్టర్ అయిందో చూపే జాబితా
- రాత్రి కూడా ఫోన్ ఎత్తే ఇద్దరు ట్రాన్స్‌పోర్టర్లు

నాలుగోదీ ఐదోదీ చిన్నవిగా కనిపిస్తాయి. ప్లాన్-బి ఆగిపోయేది ఎక్కువగా అక్కడే. విశాఖలో స్పేస్ లేదని సరుకును శంషాబాద్‌కి పంపుతారు, తీరా అక్కడ ఏడీ కోడ్ రిజిస్టర్ కాలేదని షిప్పింగ్ బిల్ (కస్టమ్స్‌కి ఇచ్చే ఎగుమతి పత్రం) ఫైల్ అవ్వదు. ఇవాళే మీ మొదటి ఐదుగురు షిప్పర్లకి ఫోన్ చేసి కనుక్కోండి.

1. మీ సరుకుని వారాల వారీగా రాయండి

ఎయిర్‌లైన్ డెస్క్‌కి “నెలకి పది టన్నులు ఉంటుంది సార్” అంటే వాళ్ళు తలూపుతారు, ఫోన్ పెట్టేయగానే మర్చిపోతారు. వాళ్ళు అమ్మేది నెలను కాదు, ఒక్కో ఫ్లైట్‌ని. కాబట్టి మీ అంచనా కూడా ఫ్లైట్ లెక్కలోనే ఉండాలి: మంగళవారం సింగపూర్‌కి 600 కేజీలు, 3 క్యూబిక్ మీటర్లు, శుక్రవారం ఫ్రాంక్‌ఫర్ట్‌కి 1,200 కేజీలు, 7 క్యూబిక్ మీటర్లు. ఇలా.

షిప్పర్ చెప్పిన అంచనాని అలాగే ముందుకు తోసేయకండి. ఫ్యాక్టరీలో బ్యాచ్ ఎప్పుడు రిలీజ్ అవుతుందో, క్వాలిటీ కాగితం ఎవరు సంతకం చేస్తారో అడగండి. ఫార్మాలో సరుకు తయారై ఉన్నా ఆ కాగితం రాక రెండు రోజులు ఆగడం మామూలే. ప్రతి షిప్పర్ చెప్పిన తేదీకీ సరుకు నిజంగా చేతికొచ్చిన తేదీకీ తేడా రాసుకోండి. రెండు మూడు నెలల్లో ఎవరి మాటకి ఎన్ని రోజులు కలపాలో మీకే తెలుస్తుంది.

2. కొలతలు, బరువు: డబ్బూ స్పేసూ పోయేది ఇక్కడే

విమానంలో ఛార్జబుల్ వెయిట్ అంటే అసలు బరువు, వాల్యూమ్ బరువుల్లో ఏది ఎక్కువైతే అది. వాల్యూమ్ బరువు లెక్క: పొడవు × వెడల్పు × ఎత్తు సెంటీమీటర్లలో, దాన్ని 6,000తో భాగించాలి. ఒక క్యూబిక్ మీటర్ అంటే సుమారు 167 కేజీలు.

ఒక ఉదాహరణ. బట్టల కార్టన్లు 40 ఉన్నాయి. ఒక్కోటి 60 × 40 × 50 సెంటీమీటర్లు, 14 కేజీలు. అసలు బరువు 560 కేజీలు. వాల్యూమ్ బరువు కార్టన్‌కి 20 చొప్పున 800 కేజీలు. అంటే 800కి డబ్బు కడతారు.

అదే ఊరికి ఫార్మా డ్రమ్ములు 20 ఉన్నాయనుకుందాం. వ్యాసం 40, ఎత్తు 60 సెంటీమీటర్లు, ఒక్కోటి 28 కేజీలు. డ్రమ్ము గుండ్రంగా ఉన్నా కొలత చదరంగానే తీసుకుంటారు: 40 × 40 × 60. అసలు బరువు 560, వాల్యూమ్ బరువు 320. ఇక్కడ 560కి కడతారు.

విడివిడిగా పంపితే మొత్తం 1,360 కేజీలు. రెండింటినీ ఒకే మాస్టర్ ఎయిర్‌వే బిల్ (ఎయిర్‌లైన్ రవాణా పత్రం) కింద కన్సోల్ చేస్తే, అంటే కలిపి పంపితే, అసలు బరువు 1,120, వాల్యూమ్ కూడా 1,120. అంటే 240 కేజీల డబ్బు మిగిలింది. పైగా ఎయిర్‌లైన్‌కి కూడా బరువూ చోటూ సమానంగా నిండే సరుకే ఇష్టం. విశాఖలో బరువైన ఫార్మా, తేలికైన బట్టలు రెండూ దొరుకుతాయి. ఇంత మంచి జోడీ చేతిలో ఉండగా చాలామంది వాడుకోవడం లేదన్నది నా బాధ.

హెచ్చరిక: 2–8 డిగ్రీల్లో వెళ్ళాల్సిన మందుల్ని, ప్రమాదకర సరుకుల కిందికి వచ్చే రసాయనాల్ని మామూలు కన్సోల్‌లో కలపొద్దు. డ్రమ్ములో ఉన్నదేంటో ఎమ్‌ఎస్‌డీఎస్ (రసాయనం భద్రతా వివరాల పత్రం) చూడకుండా ఒప్పుకోవద్దు. తడి కారే సీఫుడ్‌ని బట్టల పక్కన ఊహించుకోనే వద్దు.

పీసు సైజు కూడా చూడాలి. ఎత్తు 80 సెంటీమీటర్లు దాటని పెట్టె దాదాపు ఏ నారోబాడీ తలుపులోంచి అయినా పడుతుంది. అంతకంటే ఎత్తైతే విమానం మోడల్ చెప్పి ముందే అడగాలి. వైడ్‌బాడీ కింది డెక్‌లో 160 సెంటీమీటర్ల వరకు వెళ్తుంది. అది దాటితే ఫ్రైటర్ తప్ప దారి లేదు. ఇంకోటి, నారోబాడీలో లూజ్‌గా లోడ్ చేసేచోట మీరు ముచ్చటగా చుట్టిన ప్యాలెట్‌ని విప్పేసి ఒక్కో కార్టన్ చేత్తో పేరుస్తారు. కాబట్టి ప్రతి కార్టన్ మీద లేబుల్ ఉండాలి, ప్యాలెట్ మీద ఒక్కటి అంటిస్తే సరిపోదు.

ఎలా చెక్ చేయాలి: టెర్మినల్‌లో రాసిన బరువు, కొలతల్ని మీ బుకింగ్‌తో పోల్చండి. 5 శాతం మించి తేడా వస్తుంటే గోడౌన్‌లో మీ కొలత పద్ధతిలోనే లోపం ఉంది. ఉబ్బిన కార్టన్‌ని ఉబ్బిన చోటే కొలవాలి, అంచు దగ్గర కాదు.

3. మూడు దారులు పెట్టుకోండి

ప్రతి గమ్యానికీ మూడు దారులు రాసి గోడ మీద అంటించండి.

మొదటిది, విశాఖ నుంచే నేరుగా. చిన్న పీసులు, తొందర సరుకు, ఆగ్నేయాసియా వైపు వెళ్ళేవి. ఇక్కడ 300 నుంచి 800 కేజీల మధ్య సరుకుతో అలవాటు చేసుకోవడం మంచిదని నా అభిప్రాయం. ఒకే ఫ్లైట్‌లో రెండు టన్నులు ఇరికిద్దామనుకుంటే సగం ఇక్కడే మిగిలిపోతుంది.

రెండోది, హైదరాబాద్ శంషాబాద్. ఫార్మాకి ప్రత్యేక కోల్డ్ సౌకర్యాలు ఉన్నాయి, గల్ఫ్, యూరప్ వైపు వైడ్‌బాడీలు ఉన్నాయి, ఫ్రైటర్లు వస్తాయి. విశాఖ నుంచి జాతీయ రహదారి 16 మీద విజయవాడ, అక్కడి నుంచి 65 మీద హైదరాబాద్. 600 కిలోమీటర్ల పైమాటే.

మూడోది, చెన్నై. దూరం ఇంకా ఎక్కువ, సుమారు 800 కిలోమీటర్లు. కానీ తూర్పు ఆసియాకి, సీఫుడ్‌కి, హైదరాబాద్ నిండిపోయిన వారాలకి ఇది అక్కరకొస్తుంది. బెంగళూరుని కూడా ఇలాగే చూడొచ్చు, అయితే జనవరి చివర్లో, ఫిబ్రవరి మొదట్లో ప్రేమికుల రోజు గులాబీలు అక్కడి స్పేస్ తినేస్తాయి.

రోడ్డు గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. సంక్రాంతికి ముందు హైదరాబాద్ నుంచి ఆంధ్ర వైపు వచ్చే కార్లతో 65వ రహదారి నిండిపోతుంది. మన బండ్లు ఎదురు దిశలో వెళ్తాయి కాబట్టి ఆ రోజుల్లో ఫర్వాలేదు. అసలు చిక్కు పండగ తర్వాత, జనం తిరిగి హైదరాబాద్ వెళ్ళేటప్పుడు. చిల్లకల్లు, కొర్లపహాడ్, పంతంగి టోల్‌గేట్ల దగ్గర మన బండి కూడా ఆ వరుసలోనే నిలబడాలి. ఆ రెండు మూడు రోజులకి ఐదారు గంటలు అదనంగా కలుపుకోండి.

వర్షాకాలంలో మున్నేరు వాగు సంగతి మర్చిపోవద్దు. 2023 జులైలో నందిగామ దగ్గర ఐతవరం వద్ద 65వ రహదారి మీదికి నీళ్ళొచ్చి రాకపోకలు ఆగాయి. “ఖమ్మం మీదుగా తిప్పేద్దాం” అనిపిస్తుంది, కానీ ఖమ్మం దగ్గర దాటాల్సింది కూడా ఆ మున్నేరునే. 2024 సెప్టెంబర్ మొదట్లో ఖమ్మాన్ని ముంచింది అదే. అలాంటి వారంలో హైదరాబాద్ వదిలేసి చెన్నై చూడటమే తెలివైన పని. ఇక అక్టోబర్, నవంబర్ తుపాన్ల నెలలు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు మన విమానాశ్రయ టెర్మినలే దెబ్బతింది. పీక్ సీజన్ కూడా అవే నెలలు కావడంతో వాతావరణ శాఖ హెచ్చరిక వచ్చిన రోజే సరుకును దారి మళ్ళించే నిర్ణయం తీసుకోవాలి, తీరం దాటే రోజు దాకా చూడకూడదు.

హెచ్చరిక: దారిని షిప్పింగ్ బిల్ ఫైల్ చేయకముందే ఖాయం చేసుకోండి. విశాఖ ఎయిర్ కార్గోలో ఫైల్ చేసి లెట్ ఎక్స్‌పోర్ట్ ఆర్డర్ (కస్టమ్స్ ఎగుమతి అనుమతి) కూడా వచ్చాక హైదరాబాద్‌కి మార్చాలంటే సవరణలతో రోజులు గడుస్తాయి. ప్రత్యామ్నాయం: కస్టమ్స్ పని ఇక్కడే ముగించి, సీల్ వేసిన బాండెడ్ ట్రక్‌లో (కస్టమ్స్ నియంత్రణలో వెళ్ళే బండిలో) విమానం ఎక్కే గేట్‌వే విమానాశ్రయానికి పంపడం. ఎయిర్‌లైన్ దానికి ఏర్పాటు చేస్తుందో లేదో ముందే అడిగి రాతపూర్వకంగా తీసుకోండి.

4. ఒప్పందం ఏది తీసుకోవాలి?

నాలుగు రకాలు ఉంటాయి.

స్పాట్ లేదా అడ్-హాక్: ఆ రోజు రేటు, ఆ రోజు స్పేస్. ఖాళీ నెలల్లో చవక, పీక్‌లో నరకం.

అలాట్‌మెంట్: ఫలానా రోజు ఫ్లైట్‌లో ఇన్ని కేజీలు మీ పేరున ఉంచుతారు. వాడకపోతే ముందే చెప్పి వదిలేయాలి.

సాఫ్ట్ బ్లాక్: రాతపూర్వక ఒప్పందం. గడువులోపు వదిలేస్తే డబ్బు కట్టక్కర్లేదు. గడువు దాటితే కట్టాలి.

హార్డ్ బ్లాక్: వాడినా వాడకపోయినా డబ్బు కట్టాల్సిందే. స్పేస్ మాత్రం గట్టిగా ఉంటుంది.

కొత్తవాళ్ళు పీక్ సీజన్ భయంతో నేరుగా హార్డ్ బ్లాక్ సంతకం చేసేస్తారు. వద్దు. మీ షిప్పర్ కూడా అదే పరిమాణానికి, అదే గడువుకి, అదే పెనాల్టీతో మీకు రాసిస్తేనే హార్డ్ బ్లాక్ తీసుకోండి. లేకపోతే ఫ్యాక్టరీలో ఒక్క బ్యాచ్ ఆలస్యమైతే ఆ నెల లాభమంతా పోతుంది. వారంలో రెండు రోజులకి చిన్న అలాట్‌మెంట్‌తో మొదలుపెట్టి, దాన్ని నిండుగా వాడి చూపించి, వచ్చే సీజన్‌కి సాఫ్ట్ బ్లాక్ అడగడం సరైన వరుస.

ఎప్పుడు అడగాలి? విమానాల వేసవి షెడ్యూల్ మార్చి చివరి ఆదివారం నుంచి, శీతాకాల షెడ్యూల్ అక్టోబర్ చివరి ఆదివారం నుంచి మొదలవుతాయి. అంతకు రెండు నెలల ముందు మాట్లాడండి. అంటే జనవరి చివర, ఆగస్టు చివర. ఏప్రిల్ నుంచి జూన్ దాకా మామిడి, సెప్టెంబర్ నుంచి డిసెంబర్ దాకా పండగల సరుకు స్పేస్‌ని లాగేస్తాయి. ఆ నెలల మధ్యలో వెళ్ళి అడిగితే ఎంత మర్యాదగా మాట్లాడినా ఇవ్వడానికి వాళ్ళ దగ్గర ఏమీ ఉండదు.

ఎవరిని అడగాలి? చాలా ఎయిర్‌లైన్ల కార్గో సేల్స్ డెస్క్‌లు, జీఎస్‌ఏ (ఎయిర్‌లైన్ తరఫున స్పేస్ అమ్మే ఏజెంట్) ఆఫీసులు హైదరాబాద్, చెన్నైల్లో ఉంటాయి. మొదటిసారి మాత్రం స్వయంగా వెళ్ళి కలవండి. ఫోన్‌లో మొదలుపెట్టాల్సి వస్తే ఇలా మాట్లాడొచ్చు:

“నమస్కారం సార్, విశాఖపట్నం నుంచి మాట్లాడుతున్నాను. ప్రతి గురువారం ఫ్రాంక్‌ఫర్ట్‌కి 700 కేజీల ఫార్మా ఉంది సార్, 15 నుంచి 25 డిగ్రీల సరుకు, 2.5 క్యూబిక్ మీటర్లు. గత మూడు నెలల లెక్క మెయిల్ చేశాను. గురువారం ఫ్లైట్‌లో 500 కేజీల అలాట్‌మెంట్ ఇస్తే చాలు, మిగిలింది స్పాట్‌లో తీసుకుంటాం. వాడలేకపోతే 72 గంటల ముందే చెప్పేస్తాం సార్.”

ఉన్న 700 మొత్తం అడగకుండా 500 అడిగారు చూడండి. అది ప్రతి వారం నిండుతుంది. 700 అడిగి 500 తెచ్చేవాడి కంటే 500 అడిగి 700 తెచ్చేవాడి మాటే డెస్క్‌లో నిలబడుతుంది.

ఒప్పందంలో ఇవి ఉన్నాయా చూసుకోండి: ఏ రోజులు, ఎన్ని కేజీలు, ఎన్ని క్యూబిక్ మీటర్లు, వదిలేసే గడువు, పెనాల్టీ, రేటు ఎన్నాళ్ళు ఉంటుంది, ఇంధన, సెక్యూరిటీ సర్‌ఛార్జీలు కలిపా విడిగానా, ఎయిర్‌లైన్ చిన్న విమానం పెడితే మీ స్పేస్ సంగతేంటి, ఆఫ్‌లోడ్ అయితే (సరుకు ఎక్కించకుండా వదిలేస్తే) తర్వాతి ఏ ఫ్లైట్. చివరి రెండూ ఎవరూ అడగరు, అవసరం పడేది మాత్రం వాటితోనే. రేటు పోల్చేటప్పుడు జీఎస్టీని కూడా లెక్కలో పెట్టండి. ఎగుమతి విమాన రవాణాకి ఉన్న మినహాయింపు 2022 సెప్టెంబర్ 30తో ముగిసింది, అప్పటి నుంచి 18 శాతం పడుతోంది.

ప్రత్యామ్నాయం: మీకు ఐయాటా లేకపోయినా, వారానికి 300 కేజీలు కూడా లేకపోయినా పెద్ద కన్సాలిడేటర్‌తో కో-లోడ్ చేయండి. షరతు ఒక్కటే: సరుకు ఇచ్చిన రోజే మాస్టర్ ఎయిర్‌వే బిల్ నంబర్ మీ చేతికి రావాలి. “రేపు చెబుతాం” అనేవాళ్ళ దగ్గర ఇంకా స్పేస్ లేదని అర్థం. వెబ్‌కార్గో, కార్గోఏఐ, కార్గో.వన్ లాంటి ప్లాట్‌ఫామ్‌లలో స్పాట్ రేట్లు చూసి బుక్ చేయొచ్చు, రేటు పోల్చడానికి అవి బాగా పనికొస్తాయి. మీ మామూలు సరుకుని మాత్రం ఇద్దరు ముగ్గురు ఎయిర్‌లైన్ల దగ్గరే పెట్టండి. పది చోట్ల పంచితే ఎవరి దగ్గరా మీకు చరిత్ర ఉండదు.

5. బుకింగ్ చేశాక కోడ్ చదవండి

జవాబులో కేకే అని ఉంటే కన్ఫర్మ్. ఎల్‌ఎల్ అంటే వెయిటింగ్ లిస్ట్. యూయూ అంటే లేదు. ఎల్‌ఎల్ పెట్టుకుని బండి ఎక్కించడం, వెయిటింగ్ లిస్ట్ టికెట్‌తో గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో బెర్త్ మీద పక్క పరవడం లాంటిది.

నేరుగా కాకుండా మధ్యలో మారే ఫ్లైట్ అయితే రెండు అంచెలకీ కేకే ఉందా అని చూడండి. విశాఖ నుంచి సింగపూర్ కన్ఫర్మ్, సింగపూర్ నుంచి ముందుకు వెయిటింగ్ అయితే సరుకు సింగపూర్ విమానాశ్రయం చాంగీలో కూర్చుంటుంది. మందుల విషయంలో ఇది చాలా ప్రమాదం.

ఎయిర్‌వే బిల్ నంబర్ కూడా ఒకసారి సరిచూడండి. మొదటి మూడు అంకెలు ఎయిర్‌లైన్‌వి: సింగపూర్ ఎయిర్‌లైన్స్ 618, ఎమిరేట్స్ 176, ఖతార్ 157, లుఫ్తాన్సా 020. తర్వాతి ఎనిమిదిలో చివరి అంకె తనిఖీ కోసం. ఆ ఎనిమిదిలో మొదటి ఏడు అంకెల సంఖ్యని 7తో భాగిస్తే వచ్చే శేషమే ఆ అంకె. 1234567ని 7తో భాగిస్తే శేషం 5, కాబట్టి 12345675 సరైనది. కలవలేదంటే ఎక్కడో టైపింగ్ తప్పు.

6. కట్-ఆఫ్ నుంచి వెనక్కి లెక్క వేయండి

కట్-ఆఫ్ ఒక్కటి కాదు. సరుకు అప్పగించేది, కాగితాలు ఇచ్చేది, ముందస్తు డేటా పంపేది వేర్వేరు. మూడూ అడిగి రాసుకోండి.

ఉదాహరణకి శంషాబాద్ నుంచి గురువారం తెల్లవారుజాము 4 గంటలకి ఫ్లైట్. సరుకు అప్పగించే గడువు 8 గంటల ముందు అన్నారనుకోండి, అంటే బుధవారం రాత్రి 8. కస్టమ్స్, ఎక్స్-రే పనికి 8 గంటలు పెట్టుకుంటే బండి బుధవారం మధ్యాహ్నం 12కి చేరాలి. రోడ్డు మీద 16 గంటలు, ఇంకో 4 గంటలు చేతిలో. అంటే మంగళవారం సాయంత్రం 4కి బండి విశాఖ వదలాలి. షిప్పర్‌కి చెప్పాల్సింది ఈ మంగళవారం సాయంత్రం గురించి. “గురువారం ఫ్లైట్ అండీ” అని చెప్పి ఊరుకుంటే వాళ్ళు బుధవారం దాకా తీరిగ్గా ప్యాక్ చేస్తారు.

7. అప్పగించే ముందు డేటా సరిచూడండి

స్పేస్ ఉన్నా సరుకు ఆగిపోవడానికి ఈ రోజుల్లో పెద్ద కారణం ఇదే. యూరప్ వెళ్ళే సరుకుకి లోడింగ్‌కి ముందే ఐసీఎస్2 (యూరప్ కస్టమ్స్ ముందస్తు సమాచార వ్యవస్థ) కింద వివరాలు వెళ్ళాలి. 2023 మార్చి 1 నుంచి ఇది మామూలు ఎయిర్ కార్గోకి కూడా వచ్చింది. ఆరు అంకెల హెచ్‌ఎస్ కోడ్ (సరుకు రకాన్ని చెప్పే కోడ్), అందుకునేవారి ఈఓఆర్ఐ నంబర్ (యూరప్ కస్టమ్స్ గుర్తింపు నంబర్), ఒక్కో షిప్పర్‌కి ఫార్వార్డర్ ఇచ్చే హౌస్ ఎయిర్‌వే బిల్ వారీగా పూర్తి చిరునామా ఉండాలి. అమెరికాకి ఏకాస్ అనే ఇలాంటి ముందస్తు డేటా పద్ధతి ఉంది.

సరుకు వివరణలో “కెమికల్స్”, “శాంపిల్స్”, “గార్మెంట్స్” అని ఒక్క మాట రాసి వదిలేయొద్దు. “పురుషుల కాటన్ నేత చొక్కాలు” అన్నంత స్పష్టంగా ఉండాలి. వివరణ చాలక ప్రశ్న వస్తే, జవాబు వెళ్ళే లోపు విమానం వెళ్ళిపోతుంది. ఆ స్పేస్‌కి నో-షో (బుక్ చేసి సరుకు ఇవ్వకపోవడం) మీ ఖాతాలోనే పడుతుంది.

సీఫుడ్‌వాళ్ళకి: పెట్టె నుంచి చుక్క నీరు కారినా టెర్మినల్‌లో తిప్పి పంపేస్తారు. లోపల కవర్, పీల్చుకునే ప్యాడ్, బయట గట్టి పెట్టె ఉండాలి. నింపిన పెట్టెని తలకిందులు చేసి ఒక గంట ఉంచి, కింద కాగితం తడిసిందేమో చూడండి. బతికున్న పీతలకి మాత్రం ఈ పరీక్షని ఖాళీ పెట్టెలో నీళ్ళు పోసి చేయండి.

8. విమానం ఎక్కిందని ఎలా తెలుస్తుంది?

ఎయిర్‌లైన్ ట్రాకింగ్‌లో ఈ కోడ్‌లు చూడండి. బీకేడీ అంటే బుక్ అయింది, అంతే. ఎఫ్‌ఓహెచ్ అంటే సరుకు వాళ్ళ దగ్గరుంది, కానీ ఇంకా పూర్తిగా ఒప్పుకోలేదు. ఆర్‌సీఎస్ వస్తే సరుకు, కాగితాలు సిద్ధమని ఒప్పుకున్నట్టు. ఎమ్‌ఏఎన్ అంటే ఫ్లైట్ మేనిఫెస్ట్‌లో చేరింది. డీఈపీ అంటే బయల్దేరింది. ఆర్‌సీఎఫ్ అంటే దిగిన చోట అందింది. డీఐఎస్ కనిపిస్తే ఏదో తేడా ఉంది, వెంటనే ఫోన్ చేయాలి.

షిప్పర్‌కి “వెళ్ళిపోయింది” అని ఆర్‌సీఎస్ చూసి చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు. డీఈపీ వచ్చేదాకా ఆ మాట అనొద్దు. డీఈపీలో కూడా పీసుల సంఖ్య చూడండి. 40 ఇస్తే 28 అని ఉంటే మిగతా 12 ఇక్కడే ఉన్నాయి. దోహా, దుబాయ్, సింగపూర్ లాంటి హబ్‌లో ఆర్‌సీఎఫ్ వచ్చి, అనుకున్న ఫ్లైట్‌కి రెండో డీఈపీ రాకపోతే సరుకు అక్కడ ఆగిపోయినట్టే.

9. ఆఫ్‌లోడ్ అయితే మొదటి గంటలో

- కారణం అడగండి: బరువు పరిమితా, చోటు లేకనా, డేటానా, సెక్యూరిటీనా. పరిష్కారం దాన్ని బట్టే ఉంటుంది.
- తర్వాతి ఫ్లైట్‌కి కేకే మెయిల్‌లో తీసుకోండి. ఫోన్ మాట చాలదు.
- కోల్డ్ సరుకైతే ఇప్పుడెక్కడ పెట్టారో, ఎన్ని డిగ్రీల్లో ఉందో రాతపూర్వకంగా అడగండి. డేటా లాగర్ (ఉష్ణోగ్రత నమోదు చేసే పరికరం) ఉంటే ఆ సమయం నోట్ చేసుకోండి.
- షిప్పర్‌కి వాళ్ళు ఫోన్ చేయకముందే మీరు చెప్పండి. “సార్, సరుకు ఈ ఫ్లైట్ మిస్ అయింది, రేపు రాత్రి ఫ్లైట్‌కి కన్ఫర్మ్ అయింది, మెయిల్ పంపుతున్నాను” అని ఒకే ఫోన్‌లో అన్నీ చెప్పేయండి.
- తొందర సరుకైతే ఎక్స్‌ప్రెస్ కార్గో రేటు అడగండి. ఖరీదెక్కువ, కానీ మామూలు సరుకు కంటే ముందు ఎక్కుతుంది. తేడా ఎవరు భరించాలో షిప్పర్‌తో ముందే ఒప్పందంలో రాసుకుని ఉండాలి.

తరచూ జరిగే పొరపాట్లు

అన్నిటికంటే చేటు చేసేది దొంగ బుకింగ్. ఒకే సరుకుకి మూడు ఎయిర్‌లైన్లలో స్పేస్ పట్టుకుని, రెండు చివరి నిమిషంలో వదిలేయడం. ఒకసారి పని గడుస్తుంది. తర్వాత మీ నో-షో లెక్క వాళ్ళ సిస్టమ్‌లో కనిపిస్తుంది, అసలు పీక్‌లో మీ బుకింగ్‌కి ఎల్‌ఎల్ తప్ప రాదు.

అందరికంటే తక్కువ రేటు ఇచ్చిన డెస్క్‌ని ఎంచుకోవడం ఇంకోటి. ఫ్లైట్ నిండినప్పుడు ముందు దిగేది తక్కువ రేటు మామూలు సరుకే. కేజీకి కొంచెం ఎక్కువ పెట్టి కూడా నెలంతా టైముకి ఎక్కితే షిప్పర్ మీతోనే ఉంటాడు. ఇది షిప్పర్‌కి రేటు చెప్పేటప్పుడే వివరించండి.

సరుకు తగ్గుతుందని ముందే తెలిసినా డెస్క్‌కి చెప్పడానికి మొహమాటపడటం కూడా ఉంది. 800 బుక్ చేసి 500 వస్తుందని తెలిసిన నిమిషంలోనే చెప్పండి. ఆ 300 వాళ్ళు అమ్ముకుంటారు, మీకు పెనాల్టీ తప్పుతుంది.

నెలాఖరు చెక్

ఒక షీట్‌లో ఎయిర్‌లైన్ వారీగా నాలుగు కాలమ్‌లు చాలు: బుక్ చేసిన కేజీలు, నిజంగా ఇచ్చిన కేజీలు, బుక్ చేసిన ఫ్లైట్‌లోనే ఎక్కిన కేజీలు, ఆఫ్‌లోడ్ కారణం.

రెండోదాన్ని మొదటిదానితో భాగించండి. 90 శాతం కంటే తక్కువైతే లోపం మీ వైపు ఉంది, షిప్పర్ అంచనాల దగ్గరికి వెళ్ళండి. మూడోదాన్ని రెండోదానితో భాగించండి. అది తక్కువైతే లోపం ఎయిర్‌లైన్ వైపు ఉంది, లేదా మీరు ఎంచుకున్న విమానం మీ సరుకుకి చిన్నది. వరుసగా రెండు నెలలు అలాగే ఉంటే ఆ రోజు సరుకుని రెండో దారికి మార్చండి.

ఈ షీట్‌నే జనవరిలో, ఆగస్టులో డెస్క్‌కి తీసుకెళ్ళండి. కొత్త అలాట్‌మెంట్ అడిగేటప్పుడు మొదట అదే టేబుల్ మీద పెట్టండి, రేటు మాట ఆ తర్వాత ఎత్తండి.